పెట్టని కోట, ఆరిన కుంపటి

మొన్న ప్రొద్దుటూరులో మా చెల్లెలి ఇంట్లో ఉండగా, దాని మనవరాలు హాసిని పరీక్షకు చదువుకుంటూ ఒక వాక్యాన్ని పదేపదే పైకి వల్లె వేసింది. ఉత్తరాన హిమాలయాలు మన దేశానికి పెట్టని కోటలా నిలిచి శత్రువుల నుంచి కాపాడుతున్నాయట. నేను వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ వాక్యాన్ని నేను ఆ పిల్ల వయసులో ఇదే ఊళ్ళో, ఇంచుమించు ఇవే మాటల్లో వల్లె వేశాను. తర్వాత జమ్మలమడుగులో భూగోళం చెప్పే టీచరునయ్యాను. రిటైరయ్యేదాకా ఆ వాక్యాన్ని నా నోటితో అనలేదు. పుస్తకంలో కనిపించిన ప్రతి ఏడూ పిల్లల చేత దాని మీద గీత కొట్టించాను. తనిఖీకి వచ్చిన ఒకాయన ఆ గీతలు చూసి నన్ను సంజాయిషీ అడిగాడు. ఇచ్చాను. ఆయనకు అర్థం కాలేదు, ఊరుకున్నాడు.

"ఆ ముక్క కొట్టెయ్ పాపా" అన్నాను.

"కొట్టేస్తే ఎట్ల అవ్వా? పరీక్షలో అదే అడుగుతారు."

"అడిగితే అబద్ధం రాస్తావా?"

"మార్కులు నువ్వేస్తావా?" అంది ఆ పిల్ల, తల కూడా ఎత్తకుండా.

వంటింట్లోంచి మా చెల్లెలు నవ్వింది. "మీ అవ్వను కదిలించొద్దు హాసినీ. కదిలిచ్చినావంటే ఇంగ పొద్దుగూకేదాకా ఆపదు" అంది. చెల్లెలికి ఆ రోజులు గుర్తు లేవు. అప్పుడది అమ్మ చంకలో ఉంది. గుర్తుండే వయసు నాది. జ్ఞాపకాలు రాసేవాళ్ళు మనసు చల్లబరచుకొని రాయాలని చెబుతారు. నేను చల్లబరచుకోదలచుకోలేదు. తేదీలన్నీ నాకు నోటికి వచ్చు, లెక్కలూ వచ్చు. కానీ ఇక్కడ వాటితో పనిలేదు. ఎక్కడో మంచుకొండల మీద పేలిన తుపాకులకు ప్రొద్దుటూరులో ఒక సందులో కుంపటి ఎందుకు ఆరిపోయిందో చెప్పడమే నా పని.

మా నాయన బంగారు పని చేసేవాడు. మా సందులో అన్ని ఇళ్ళలోనూ అదే పని. తెల్లవారగానే ప్రతి ఇంటి ముందు గదిలోంచీ చిన్న సుత్తి చప్పుడు మొదలయ్యేది. ఏ ఇంటి చప్పుడు ఏదో కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని. నాయన చప్పుడు తేలికగా, ఎడం ఎడంగా ఉండేది. ఆయన కొట్టిన దెబ్బ కన్నా ఆగిన క్షణం ఎక్కువ వినిపించేది. బంగారానికి వాసన లేదంటారు. మా ఇంట్లో ఉండేది. రాజుకున్న బొగ్గు వాసన, వెలిగారం పొంగిన వాసన, చింతపండు నీళ్ళలో నగను మరిగించినప్పుడు వచ్చే పులుపు ఆవిరి, చివర కుంకుడు నురగ. ఈ నాలుగూ కలిస్తే మాకు అది బంగారం వాసన. అన్నంలో కూడా అదే వాసన వచ్చేదని చుట్టాలు నవ్వేవాళ్ళు.

అమ్మది జమ్మలమడుగు. ఆమె చేసే పని ఎవరి కంటికీ కనిపించేది కాదు, కానీ ఆమె లేకపోతే ఆ ఇంట్లో సగం బంగారం కాళ్ళకు అంటుకుని వీధిలోకి పోయేది. పని గదిలోంచి బయటికి వచ్చే ఎవరైనా గడప దగ్గరున్న ఇత్తడి తొట్టిలో కాళ్ళు పెట్టి కడుక్కోవాలి. బడికి వేళయినా సరే, మా కాళ్ళు, చేతుల గోళ్ళ సందులు, పలక వెనక భాగం ఆ తొట్టిలో కడిగించేది. ఆ నీళ్ళు పారబోయడానికి లేదు. సాయంత్రం తడిగుడ్డతో గది తుడిచి, ఆ గుడ్డను కూడా అదే తొట్టిలో పిండేది. అడుగున పేరుకున్న మట్టిని ఒక కుండలోకి ఎత్తి మూత పెట్టేది. నేల ఊడ్చిన దుమ్ము, కుంపటి బూడిద కూడా ఆ కుండలోకే. కుండ నిండితే పెన్న ఒడ్డు నుంచి ఖాసింబీ వచ్చేది. ఆమె పెద్ద చెక్క పళ్ళెంలో ఆ మట్టిని వేసి, నీళ్ళతో తిప్పుతూ తిప్పుతూ కడిగేది. మట్టి జారిపోగా చివరకు పళ్ళెం అంచున వెంట్రుక మందాన ఒక మెరుపు మిగిలేది. అందులో ఆమె వాటా ఆమెది, మా వాటా మాది. సందులో ఇళ్ళన్నిటి మట్టీ ఆమె చేతి మీదుగా పోవడం వల్ల ఎవరింట్లో పని ఉందో ఎవరింట్లో లేదో ఆమెకు తెలిసిపోయేది. "నీ మొగుడి మట్టి శానా పీనాసిది అక్కా. ఆ మనిషి యాడా రవ్వంత కూడా రాలనీడు" అని అమ్మను ఆటపట్టించేది. నాయనకు అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఎవరూ ఇవ్వలేదు.

మా మిద్దె సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నాకు దేశాల మధ్య వ్యవహారం మొదట అర్థమైంది ఆ మిద్దె మీదనే. మాదీ వెనకింటిదీ ఆనుకుని ఉన్న మట్టి మిద్దెలు, ఒకే ఎత్తు. మధ్యలో మోకాలెత్తు పిట్టగోడ. వెనకింటివాళ్ళు వాళ్ళ ఇంట్లోంచి మెట్లు కట్టుకున్నారు. మాకు మెట్లు లేవు, నిచ్చెన ఉంది, అదీ పక్కింటితో ఉమ్మడిది. అమ్మ ఎండుమిరపకాయలు ఆరబోస్తే వాళ్ళు నాలుగడుగులు నడిచి వచ్చి దోసిలి నింపుకుని పోయేవాళ్ళు. అలికిడి విని అమ్మ పక్కింటికి పోయి, నిచ్చెన అడిగి, తెచ్చి, ఆనించి, చీర ఎగ్గట్టుకుని ఎక్కేసరికి మిద్దె మీద ఎవరూ ఉండేవాళ్ళు కాదు. నాయన తగవులాడే మనిషి కాదు. "పిట్టగోడ ఉండాది గదా, ఇంగ వాళ్ళు మాత్రం మంచోళ్ళు కాదా" అనేవాడు. మా ఇంటి విదేశాంగ విధానం అది. మిరపకాయలు మాత్రం ప్రతి ఏడూ తరిగేవి.

బడిలో మాకు భూగోళం చెప్పింది జ్ఞానమ్మ టీచరు. ఆమె కూడా జమ్మలమడుగు మనిషే. దొరల మిషన్ బడిలో చదువుకున్న క్రైస్తవుల ఇంటి బిడ్డ. తెల్ల చీర, నల్ల గొడుగు, గట్టి గొంతు. పటం లేకుండా పాఠం చెప్పేది కాదు. గుడ్డ అంటించిన పెద్ద పటాన్ని కర్రకు చుట్టి చంకలో పెట్టుకుని వచ్చి, గోడ మేకుకు తగిలించి, మడత లేకుండా రెండు చేతులతో నిమిరేది. ఒకసారి ఆమె మమ్మల్ని గండికోటకు తీసుకుపోయింది. జమ్మలమడుగు దాకా బస్సు, అక్కడి నుంచి ఎడ్లబండ్లు, చివర నడక. ఎర్రటి బండల అంచున నిలబెట్టి కిందికి చూపించింది. పెన్న ఆ లోతున సన్నటి తీగలా కనిపించింది. ఆడపిల్లలం ఒకరి పైట ఒకరం పట్టుకుని తొంగిచూశాం. "చూడండి పిల్లల్లారా, ఏ రాజూ కట్టని గోడ ఇది. ఈ వైపు నుంచి ఎవడూ రాలేడు. మన దేశానికి ఉత్తరాన హిమాలయాలు ఇట్లాంటివే, పెట్టని కోట" అంది. ఆ మాట నాకు ఎంత నచ్చిందో! దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. తిరిగి వచ్చేటప్పుడు, లోయ లేని వైపు ఆ రాజులు ఎంత ఎత్తున రాతిగోడలు కట్టారో, తలుపులకు ఎంత లావు ఇనుప మేకులు దిగగొట్టారో చూశాను. లోయ ఉంది కదా అని వాళ్ళు కాపలా మానలేదు. చూశాను కానీ, ఆ రోజు ఆ రెండిటినీ కలిపి ఆలోచించలేదు. దేశాన్ని ఏలేవాళ్ళే కలపలేదు, పన్నెండేళ్ళ పిల్ల ఎందుకు కలుపుతుంది?

ఆ తర్వాతి సంవత్సరం చైనాతో యుద్ధం వచ్చింది. ఊరి పార్కులో స్తంభానికి కట్టిన రేడియో పెట్టె కింద సాయంత్రం జనం నిలబడి వార్తలు వినేవాళ్ళు. నాయన పని ఆపి పోయేవాడు. పని మధ్యలో ఆపి ఆయన గడప దాటడం అంతకుముందు నేను చూడలేదు. వినబడిన ఊళ్ళ పేర్లు మాకు నోరు తిరిగేవి కావు. అర్థమైంది ఒకటే, వాళ్ళు కిందికి దిగుతున్నారు. కోట ఉండగా ఎలా దిగుతున్నారు? నేను తరగతిలో లేచి అదే అడిగాను. "కోట ఉండాది గదా టీచరమ్మా, యాడి నుంచి వచ్చినారు?" జ్ఞానమ్మ టీచరు ముఖం ఎర్రబడింది. కూర్చోమంది. బడి వదిలాక నన్ను ఆపి, పటం మళ్ళీ విప్పి గోడకు తగిలించి, "నన్ను అడగొద్దు. పుస్తకంలో ఉన్నదే నేనూ చదువుకున్నాను. పొద్దు ఉన్నంతసేపు దీని ముందర నిలబడి రంగులు చూడు" అని చెప్పి, తను మూల బెంచీ మీద కూర్చుని పెన్నులో సిరా నింపుకుంది.

చూశాను. మనవైపు ఆకుపచ్చ, అంటే పల్లపు నేల. అందులోంచి వేలు మందంలోనే పచ్చ పసుపై, పసుపు గోధుమై, గోధుమ చిక్కటి ఇటుకరంగై, తెలుపయ్యింది. అంటే నిట్టనిలువు. అవతల వైపు ఆ చిక్కటి ఇటుకరంగే పటం పైదాకా పరుచుకుని ఉంది. అది దిగడం లేదు. అది కొండకు అవతలి లోయ కాదు, కొండంత ఎత్తున ఉన్న నేల. వాళ్ళది మిద్దె మీద నడక. మనది నిచ్చెన. వాళ్ళు ఆ ఎత్తున దారి వేసుకుని బండ్లు తోలుకుని వచ్చి అంచున నిలబడగలరు. మన పిల్లలు పల్చటి గుడ్డలతో, మూటలు వీపున వేసుకుని, కిందినుంచి ఎక్కాలి. ఆ ఎత్తున ఉన్న నేల కొన్నేళ్ళ ముందే చైనా చేతికి పోయింది. మనకూ వాళ్ళకూ మధ్య ఇంకొకరి ఇల్లు ఉన్నంతకాలం అది గోడ. ఆ ఇల్లే వాళ్ళదయ్యాక మిగిలింది పిట్టగోడ. పటంలో ఇది బడిపిల్లకు కనిపించేటంత బాహాటంగా ఉంది. అది చూడాల్సిన మన ఏలేవాళ్ళు చైనావాళ్ళతో చేతులు కలిపి ఫోటోలు తీయించుకున్నారు, కొండ చూసుకుంటుందని నమ్మారు. కొండ ఎవరినీ చూసుకోదు. అది ఎక్కగలిగినవాడిదే. నా కోపం మొదలైంది ఆ సాయంత్రమే.

యుద్ధనిధికి బంగారం ఇమ్మని ఊళ్ళో సభ పెట్టారు. ఆడవాళ్ళు వేదిక మీదికి వెళ్ళి గాజులు, ఉంగరాలు పళ్ళెంలో వేశారు. నాయన ఆ ఉదయమే అమ్మను పని గదిలో పీట మీద కూర్చోబెట్టి, ఆమె కమ్మల సీలలు చిన్న పట్టకారుతో తనే తిప్పి తీశాడు. ఆ కమ్మలు పెళ్ళికి ఆయనే చేసినవి. అమ్మ చెవి తడుముకుంది. "మంచులో పిల్లోళ్ళు సస్తాంటే మనకు కమ్మలేంది?" అన్నాడు నాయన, ఆమె అడగని దానికి జవాబుగా. చెవి రంధ్రాలు మూసుకుపోకుండా ఆమె వేపపుల్ల ముక్కలు పెట్టుకుంది. మా అమ్మ చెవులకు మళ్ళీ బంగారం నేను చూడలేదు.

కొన్ని వారాలకే, యుద్ధం ఆగిపోయాక, బంగారం మీద కొత్త నియమాలు వచ్చాయి. బయటి దేశాల నుంచి ఆయుధాలు కొనాలంటే బయటి దేశాలు ఒప్పుకునే సొమ్ము కావాలి, జనం బంగారం మోజు తగ్గించుకుంటే అది మిగులుతుంది, ఇదీ వాళ్ళ లెక్క. ఇకమీదట చేసే కొత్త నగ ఏదైనా పద్నాలుగు క్యారెట్లకు మించకూడదు. అంటే ఇరవై నాలుగు పాళ్ళలో పది పాళ్ళు రాగో వెండో కలపాలి. లెక్క నాకు అర్థమవుతుంది. నేనూ లెక్కల మనిషినే. కానీ ఆ లెక్క వేసినవాళ్ళు అటువంటి లోహాన్ని ఒక్కసారైనా సుత్తితో కొట్టారా? మా సందులో పిల్లలు పుట్టగానే పట్టుకున్నది మెత్తటి బంగారం. వాళ్ళ చేతులకు వచ్చింది ఆ మెత్తదనమే. ఒక గీతతో ఆ చేతులన్నీ పనికిరానివైపోయాయి. సందులో కొందరు తలుపులు మూసుకుని పాతపద్ధతిలోనే చేసిచ్చారు. కొందరు ఊరు వదిలారు. కొందరు అంతకంటే ఘోరమైనది చేసుకున్నారు, వాళ్ళ పిల్లలు ఇంకా ఉన్నారు గనక పేర్లు రాయను. నాయన ఈ మూడూ చేయలేదు. సభలో పళ్ళెంలో కమ్మలు వేసి వచ్చినవాడు దొంగచాటుగా పని చేయడం ఎలా అన్నాడు. చట్టప్రకారం పద్నాలుగు పాళ్ళతోనే చేస్తానన్నాడు. ఖాసింబీ ఒకసారి వచ్చి కుండ అడిగింది. పెరట్లో కూర్చుని చాలాసేపు కడిగింది. పళ్ళెం అంచు చూసి, అమ్మ వైపు చూడకుండా, "ఒట్టి మట్టే అక్కా" అంది. ఆ రోజు ఆటపట్టించలేదు. అమ్మ ఆమెకు సంగటి పెట్టి పంపింది.

పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. తొండూరు నుంచి ఒక రైతు కుటుంబం తాతల కాలం నుంచీ మా ఇంటి వాడుక. వాళ్ళ ఆడపిల్ల పెళ్ళికి పుట్టింటి తాళిబొట్టు నాయన చేతి మీదుగానే పోవాలి. అది కొనుక్కుని పోయే సరుకు కాదు. మంచి గడియ చూసుకుని ఇంటిల్లిపాదీ బండి కట్టుకుని వస్తారు. బియ్యం, బెల్లం, కొబ్బరికాయ, తమలపాకులు చాటలో పెట్టి తెస్తారు. కుంపటికీ, సుత్తి దెబ్బలు తినే ఇనుప దాగలికీ పసుపు కుంకుమ పెడతారు. వాళ్ళు తెచ్చిన బంగారాన్ని వాళ్ళ కళ్ళ ముందే మూసలో కరిగించి, వాళ్ళ కళ్ళ ముందే రేకు సాగగొట్టి, అచ్చులో అదిమి బొట్టుగా లేపాలి. గడియ దాటకుండా బొట్టు అచ్చులోంచి లేవాలి. ఆడవాళ్ళు పాట పాడుతుండాలి. ఆ తొండూరు రైతు పొడుగాటి మనిషి, మీసాలు తెల్లబడ్డాయి, నవ్వితే ఇల్లంతా వినిపించేది. రాగి కలపాలని నాయన చెప్పగానే ఆయన నవ్వు ఆగింది.

"తాళిబొట్టులో రాగి ఏంది ఆచారీ? ఇది చెంబా?"

"చట్టం అప్పా. నేనేం చేసేది."

"తలుపేసుకోని చేసిచ్చేవాళ్ళు ఈ సందులోనే శానామంది ఉండారు. నీకు తెలీదా?"

"తెలుసు. ఆడికే పోండి, నేనేమీ అనుకోను."

రైతు గడ్డం నిమురుకున్నాడు. భార్య వైపు చూశాడు. పెళ్ళికూతురు మూలన, తల వంచుకుని కూర్చుని ఉంది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది, అంతే. "మా నాయన, మా తాత ఈ దాగలి మీదనే చేపిచ్చుకున్న్యారు. ఇంగోడి గడప తొక్కమంటావా? కలుపు" అన్నాడు చివరకు.

నాయన కలిపాడు. కరిగించి పోశాడు. రంగు తేడా నాకు గుమ్మంలోంచే కనిపించింది. అది పసుపు కాదు, మాగిన నారింజ తొక్క. ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. నాయన మొదటి దెబ్బ కొట్టాడు. ఎప్పటిలాగే తేలికగా, ఎడంగా. ఎప్పుడూ ఎన్ని దెబ్బలకు మళ్ళీ నిప్పులో పెట్టేవాడో అన్ని దెబ్బలు కొట్టుకుంటూ పోయాడు. అదే పొరపాటు. రాగి ఎక్కువైన లోహం దెబ్బకు దెబ్బకు గట్టిపడుతుంది. మెత్తటి బంగారానికి ఒకసారి కాల్చే చోట దీన్ని నాలుగుసార్లు కాల్చాలి. ఆయనకు తెలియక కాదు. చెప్పాడు కూడా, ముందురోజు అమ్మతో. కానీ పుట్టినప్పటి నుంచి చేసిన చేతికి మాట చెబితే వింటుందా? పాట నడుస్తోంది, గడియ దగ్గరపడుతోంది, ఆ చెయ్యి తన అలవాటున తను పోయింది. రేకును అచ్చు మీద పెట్టి అదిమిన దెబ్బకు, అంచు నుంచి నడిమి దాకా చిట్లింది. చిన్న చప్పుడు. గాజు పగిలినట్టు కూడా కాదు, ఎండు పుల్ల విరిగినట్టు. పాట ఆగిపోయింది.

పెళ్ళికూతురి తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తొండూరు రైతు లేచి, ఆ పిల్ల భుజం పట్టి లేపాడు. కట్టని తాళి చిట్లితే ఆ పిల్ల వైపు ఊరంతా ఎలా చూస్తుందో ఆయనకు తెలుసు. గడపలో ఆగి, "నీకు రెండు చేతులెత్తి మొక్కుతా ఆచారీ, ఈ సంగతి యాడా అనొద్దు. ఆ బంగారం మాకొద్దు" అన్నాడు. కాళ్ళు తొట్టిలో పెట్టకుండానే దిగిపోయారు. అమ్మ వెనకే పరుగెత్తి, ఆ బంగారానికి బదులుగా తన పుట్టింటివాళ్ళు పెట్టిన ముక్కుపుడకా, నాయన దాచిన పాత తునకలూ మూటకట్టి బండిలో పడేసి వచ్చింది. ఆ పిల్లకు పసుపు కొమ్ము కట్టి పెళ్ళి చేశారని తర్వాత విన్నాం. సంగతి మేము ఎవరితోనూ అనలేదు. అయినా సందు సందుకూ తెలిసింది. ఆ తర్వాత మా గడప తొక్కి బొట్టు చేయమన్నవాళ్ళు లేరు. నాయన ఆ కుంపటి బూడిద తీసి, తడిగుడ్డతో తుడిచి, బోర్లించాడు.

మేము పులివెందులకు పోయాం. అక్కడ శనక్కాయల మండీలో నాయనకు కాటా దగ్గర పని దొరికింది. గురివింద గింజతో తూచిన మనిషి బస్తాలు తూచాడు. గోనెపట్టా రాపిడికి వేళ్ళు కాయలు కాశాయి, పగిలాయి. రెండు మూడేళ్ళకు నియమాలు సడలించారు. పాతపద్ధతిలో చేసుకోవచ్చన్నారు. సందులో మిగిలినవాళ్ళు మళ్ళీ కుంపట్లు రాజేశారని ఖాసింబీ కబురు పంపింది, రమ్మంది. నాయన ఒక సన్నటి తీగను తెప్పించుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూశాడు. తీగ ఉన్నట్టే ఆయనకు తెలియలేదు. తిరిగి ఇచ్చేశాడు. ఆయన పోయిన తర్వాత ఆ చట్టాన్నే మొత్తంగా ఎత్తేశారు. తప్పు చేశామని ఎవరూ అనలేదు. కొంతమంది బతుకులు మధ్యలో ఉన్నాయని కూడా ఎవరూ అనలేదు.

ఇప్పుడు ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళు అద్దాలతో, దీపాలతో పట్టపగలు కళ్ళు జిగేలుమనిపిస్తాయి. నగలు ఎక్కడో యంత్రాల మీద తయారై పెట్టెల్లో వస్తాయి. బొట్టు బిళ్ళలు బటన్లలాగా అట్టకు గుచ్చి అమ్ముతారు. మా సందులో సుత్తి చప్పుడు వెతుక్కోవాలి. నాకు దాని మీద పెద్ద దుఃఖం లేదు. కాలం మారుతుంది. నా కోపం మారని దాని మీద. ఉత్తరాన మళ్ళీ ఎక్కడన్నా కొట్లాట జరిగిందంటే టీవీలో కూర్చుని మేజా బల్లలు గుద్దేవాళ్ళను చూస్తాను. ఒక్కడి వెనక కూడా రంగుల పటం ఉండదు. ఏది ఎత్తో, ఏ దారి ఏ నెలలో మూసుకుపోతుందో, ఎవరి ఇల్లు ఎవరికి ఆనుకుని ఉందో ఒక్కడూ చెప్పడు. ఖాసింబీ మనవడు కువైట్‌లో ఉన్నాడు. ఆ వైపు సముద్రం ఒక చోట సందులాగా ఇరుకైపోతుంది. ఆ ఇరుకులో ఓడలు ఆగాయని వార్త వచ్చిన రోజు వాళ్ళ ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. ఆ ఇరుకును వాళ్ళు పటంలో చూడలేదు, కడుపులో చూశారు. దేశం ఎక్కడుందో, పక్కన ఎవరున్నారో, మధ్యన ఏ నేల, ఏ నీళ్ళు ఉన్నాయో, సగం రాజకీయం అదే. అది తెలియనివాళ్ళు ఏలితే, ఆ తెలియనితనానికి శిక్ష ఏలినవాళ్ళకు పడదు. పెన్న ఒడ్డున మట్టి కడిగేవాళ్ళకు పడుతుంది.

ఆ చిట్లిన బొట్టు నా దగ్గరే ఉంది. ఎక్కడికి పోయినా సంచిలో, సున్నం డబ్బాలో పెట్టుకుని తిరుగుతాను. ఆ రోజు హాసిని వల్లె వేయడం ఆపలేదు కాబట్టి దాన్ని తీసి పుస్తకం మీద పెట్టాను. ఆ పిల్ల వేలితో తడిమింది. చిట్లిన అంచు గుచ్చుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇదేంది అవ్వా?"

మిద్దె నుంచి మొదలుపెట్టి చెప్పాను. పొద్దుగూకలేదు గానీ చాలాసేపే పట్టింది. చెల్లెలు కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. అంతా విని, హాసిని ఆ వాక్యం మీద గీత కొట్టలేదు. మార్కుల మీద దానికి నాకున్నంత నిర్లక్ష్యం లేదు. పక్కన పెన్సిలుతో చిన్నగా, మిద్దె వాళ్ళది, నిచ్చెన మనది అని రాసుకుంది. తర్వాత అడిగింది, "తప్పు ఆయనది కాదని మీ నాయనకు ఎవురూ చెప్పలేదా అవ్వా?"

చెప్పాను. నేనే చెప్పాను. టీచరు ఉద్యోగం వచ్చిన తర్వాత, మొదటి సెలవులకు పులివెందులకు పోతూ బడి పటం అడిగి తీసుకుపోయాను. మండీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని కూర్చున్న నాయన ముందు గోడకు తగిలించి, మడతలు నిమిరి, ఆకుపచ్చ నుంచి తెలుపు దాకా, తెలుపు నుంచి ఆ పరుచుకున్న ఇటుకరంగు దాకా వేలు పెట్టి చూపించాను. ఎవరు ఏది చూడలేదో, చూడనందుకు యుద్ధం ఎలా వచ్చిందో, యుద్ధానికి సొమ్ము కోసం రాగి ఎలా కలిపించారో, ఒక్క మెట్టు కూడా వదలకుండా దిగివచ్చి, ఆయన దాగలి దగ్గర ఆపాను. నాయన బడిపిల్లాడిలా విన్నాడు. మధ్యలో ఒకసారి, అంత ఎత్తున కూడా ఊళ్ళుంటాయా అని అడిగాడు. అంతా అయ్యాక పగిలిన వేళ్ళను ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు.

"నువ్వు చెప్పేదంతా నిజమేలే పాపా. కానీ చిట్లింది నా సుత్తి కిందనే గదా" అన్నాడు.

ఆయన చేత ఆ మాట అనిపించినవాళ్ళను నేను క్షమించలేదు. పిల్లల పుస్తకంలో ఆ వాక్యం ఉన్నన్నాళ్ళు క్షమించను.